అవ్వ నోటుబుక్కులో "ఎంచు"

ఈసారి గోడపత్రికకు "మన ఇంటి పని, మన ఇంటి మాటలు" అనే అంశం ఇచ్చారు. నేను మొదట పెళ్ళిపాటలు సేకరించి రాద్దామనుకున్నాను. మా తెలుగు మేడం, "పాటలు అందరూ తెస్తారు. మీ ఇంట్లో ఏం పని చేస్తారు?" అని అడిగారు. "మోటరు వైండింగ్ షాపు మేడం" అన్నాను, కొంచెం మెల్లగా. "అయితే దాని గురించే రాయి" అన్నారు.

ఎందుకు మెల్లగా అన్నానో ఆ రోజు సాయంత్రం బస్సులో ఆలోచించాను. మా షాపంటే కాలిన వైర్ల వాసన, గ్రీసు మరకలు, తడి నేల. అక్కడ తెలుగు డిపార్ట్‌మెంటుకు పనికొచ్చేది ఏముంటుంది అనుకున్నాను. కానీ ఇంటికెళ్ళి అటక మీది పాత నోటుబుక్కులు దించి చూస్తే, మొదటి బుక్కులన్నీ మా అవ్వ తెలుగులో రాసినవే. వాటిలో ఒక మాట పేజీ పేజీకీ ఉంది. ఆ మాట "ఎంచు". ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించి, దాని వెనక ఉన్న పని గురించి.

షాపు ఎలా వచ్చింది

మా షాపు కె.జి.ఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో ఉంది. కోలారు బంగారు గనుల చరిత్ర మనందరం చదివిందే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చాక ఇక్కడ పెద్ద ఎత్తున తవ్వకం మొదలైంది. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల లైను వేసి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరుకు కరెంటు వచ్చింది 1905లో. అంటే రాజధాని కంటే మూడేళ్ళు ముందే మా ఊరి గనుల్లో మోటర్లు తిరిగాయి. మోటరు తిరిగే చోట మోటరు కాలుతుంది, దాన్ని మళ్ళీ చుట్టే మనిషి కావాలి. మా తాత అలాంటి మనిషి. గని ఎలక్ట్రికల్ వర్క్‌షాపులో వైండర్.

అవ్వది వి.కోట దగ్గర పల్లె. తెలుగు మీడియంలో అయిదో తరగతి దాకా చదివింది. పెళ్ళై కె.జి.ఎఫ్‌కు వచ్చాక ఆమెకు ఈ పని ఇంట్లోనే పరిచయమైంది. తాత షిఫ్టు అయ్యాక సాయంత్రాలు ఇంట్లో టేబుల్ ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసేవాడు. ఫ్యాను కాయిలుకు వందల చుట్లు ఉంటాయి. తాత వైరు పట్టుకుంటే అవ్వ చేతిమిషను తిప్పుతూ చుట్లు ఎంచేది. మధ్యలో పిల్లలు ఏడ్చినా, పొయ్యి మీద అన్నం పొంగినా లెక్క తప్పకూడదని యాభై చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టేది. ఆ గింజల డబ్బా ఇప్పటికీ షాపులో ఉంది.

1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూమి కింద గనిలో పనిచేయనిచ్చేది కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం కొన్ని షరతులతో ఆ నిబంధన సడలించింది గానీ, అప్పటికి మా ఊళ్ళో గనే లేదు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. చాలామంది ఇళ్ళల్లో మగవాళ్ళు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోవడం మొదలుపెట్టారు. తాత మాత్రం ఒక గది బాడుగకు తీసుకుని షాపు పెట్టాడు. అయిదేళ్ళకు ఆయన చనిపోయాడు. మా నాయనకు అప్పుడు ఇరవై రెండేళ్ళు, పని సగమే వచ్చు. షాపు మూసేస్తారని అందరూ అనుకున్నారు. పదకొండో రోజు కాగానే అవ్వ తాళం తీసి లోపల కూర్చుంది.

పని ఎలా జరుగుతుంది

మన కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. పాలారు ఉన్నా అది ఎప్పుడూ పారేది కాదు. చెరువులు ఎండిపోతే బోర్లే దిక్కు. 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకంలో బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి మన చెరువులకు వదులుతున్నారు. అంతకుముందే బోర్లు వెయ్యి అడుగులు దాటి లోతుకు పోయాయి. చాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్ల లోతు అని చెప్పుకుంటాం. అది బంగారం కోసం తవ్విన లోతు. ఇప్పుడు మన రైతులు టమాటాకు, మల్బరీకి నీళ్ళ కోసం తవ్వుతున్నారు. ఆ బోర్లలోకి దించే సబ్‌మర్సిబుల్ మోటర్లే మా షాపుకు అన్నం పెడతాయి.

అవి కాలడానికి కారణాలు ఎక్కువ లేవు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద భారం పడి వైరు వేడెక్కుతుంది. ఓల్టేజి బాగా తగ్గితే మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంది. బోరులో నీటిమట్టం పంపు కిందికి పోతే మోటరు నీళ్ళు లేకుండా తిరుగుతుంది. ఏ కారణమైనా చివరికి లోపలి వైరు మీది పూత కరిగిపోతుంది.

మోటరు విప్పితే లోపల ఇనుప స్టేటరు ఉంటుంది. దాని లోపలి అంచు చుట్టూ గాడులు ఉంటాయి. షాపులో అందరం "స్లాట్" అంటాం, అవ్వ మాత్రం "గాడి" అనే రాసింది. పెద్ద మోటర్లలో సాధారణంగా ఇరవై నాలుగు గాడులు. ఒక్కో గాడిలో ఎన్ని వైర్లు ఉన్నాయి, వైరు మందం ఎంత, ఏ గాడిలో మొదలైన చుట్టు ఏ గాడిలోకి తిరిగొస్తుంది అన్నవి ముందు రాసుకోవాలి. ఒక వైపు చివర్లు కత్తిరించి, కట్టలు విప్పి, ఒక గాడిలోని వైర్ల కొనలు వేలితో ఎంచాలి. మందం మైక్రోమీటరుతో చూడాలి. ఆ తర్వాతే పాత వైరు లాగేయాలి. కొత్త వైరు గాడుల్లోంచి ఒక్కొక్కటిగా చేత్తో లాగి నింపాలి. అతుకులు నీరు దూరకుండా కట్టి, స్టేటరును నీళ్ళ తొట్టిలో ముంచి, మెగ్గరుతో పరీక్షించాలి.

ఇందులో అసలు విషయం ఏమిటంటే, మూత బిగించాక లోపల ఎన్ని చుట్లున్నాయో రైతుకు కనబడదు. ఒక చుట్టు తగ్గినా మోటరు తిరుగుతుంది. కాకపోతే కరెంటు ఎక్కువ లాగి, వేడెక్కి, కొన్నాళ్ళకు కాలుతుంది. అప్పుడు తప్పు కరెంటు వాళ్ళ మీద వేయొచ్చు, బోరు మీద వేయొచ్చు.

అవ్వ నియమాలు

నోటుబుక్కుల్లో నియమాలని పేరు పెట్టి ఎక్కడా రాయలేదు. పేజీలు చదివితే మూడు తెలుస్తాయి.

మొదటిది: ఒక మనిషి ఎంచితే చాలదు. ఒకరు ఒక గాడి ఎంచాలి, ఇంకొకరు వేరే గాడి ఎంచాలి. రెండు లెక్కలూ కలిస్తేనే అంకె రాసి పక్కన రెండు టిక్కులు పెట్టాలి. షాపులో రెండో మనిషి లేకపోతే టీకొట్టు అబ్బాయిని పిలిచేది. "వైర్లు ఎంచను వైండింగు నేర్చుకోనక్కర్లే, కండ్లుంటే చాలు" అనేది.

రెండోది: కాలిన పాత రాగి రైతుదే. గోతాంలో వేసి తిరిగి ఇచ్చేయాలి. అందులో ఒక గాడి వైర్లు మాత్రం విడిగా గుడ్డపేలికతో కట్టి పెట్టాలి.

మూడోది: ఎందుకు కాలిందో చీటీ మీద రాసివ్వాలి. "ఒక ఫేజు లేదు. ప్రివెంటరు పెట్టించుకోండి", "నీళ్ళు దిగిపోయినాయి. రెండు పైపులు కిందికి దించండి" అని ఉంటాయి ఆ చీటీల నకళ్ళు.

మా చిన్నాన్నకు రెండో నియమం, మూడో నియమం నచ్చేవి కావు. పాత రాగి మనమే ఉంచుకుని కూలి తగ్గిస్తే రైతుకూ సంతోషమే కదా అనేవాడు. కారణం రాసిస్తే మోటరు మళ్ళీ కాలదు, మనకు పనెక్కడిది అనేవాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఫీజులు కట్టే నెలలో మా ఇంట్లో ఈ వాదన చాలాసార్లు విన్నాను. అవ్వ వాదించేది కాదు. "మీ నాయన ఉన్నప్పుడు కూడా ఇంతేరా" అని గోతాం మూతి కట్టేసేది.

నాయన జవాబు వేరుగా ఉండేది. నోటుబుక్కులు చూపించేవాడు. ఏ కంపెనీ మోటరు, ఎన్ని హెచ్.పి., ఎన్ని గాడులు, ఎన్ని వైర్లు, ఎంత మందం అన్నీ ఏళ్ళ తరబడి అందులో ఉన్నాయి. వేరే చోట వైర్లన్నీ పీకేసి, లెక్క పోగొట్టుకుని, చివరికి మా దగ్గరికి తెచ్చే మోటర్లు ఉంటాయి. అలాంటప్పుడు పాత పేజీ తీస్తే అదే రకం మోటరు లెక్క దొరుకుతుంది. అవ్వ జాగ్రత్తే మా షాపు పెట్టుబడి అయింది. ఆ బుక్కుల్లో నాయన రాసిన పేజీలు కన్నడంలో ఉంటాయి, ఆయన చదివింది కన్నడ మీడియం. మా అమ్మ వాళ్ళ ఇల్లూ కన్నడమే. అందుకే మా బుక్కుల్లో అవ్వ "చుట్టు" అని రాస్తే, నాయన "సుత్తు" అని రాస్తాడు. అంకె మాత్రం ఒకటే.

నేను చేసిన తప్పు

పోయిన వేసవి సెలవుల్లో జరిగింది ఇది. అవ్వ వి.కోటలో ఒక పెళ్ళికి పోయింది. నాయన వైరు కొనడానికి కోలారు పోయాడు. బేతమంగళం వైపు రైతు ఒకాయన పది హెచ్.పి. మోటరు తెచ్చాడు. టమాటా కాయ మీద ఉంది, రెండు రోజుల్లో కావాలన్నాడు. చిన్నాన్న విప్పి చివర్లు కత్తిరించి, "పాపా, ఎంచి రాయి" అన్నాడు. నేను ఒక గాడి ఎంచాను. పదమూడు. ఫోను మోగింది. మాట్లాడి వచ్చి, రెండో గాడి ఎంచకుండానే 13 అని రాసేశాను. రెండు టిక్కులూ నేనే పెట్టాను.

చిన్నాన్న పదమూడు లెక్కన నింపాడు. ఆ రోజు షాపులో ఓల్టేజి తక్కువ. అందుకే పరీక్షలో మోటరు ఎక్కువ కరెంటు లాగినట్టు తెలియలేదు. పొలంలో రాత్రిపూట ఓల్టేజి నిండుగా ఉంటుంది. తొమ్మిదో రోజు మోటరు మళ్ళీ కాలింది.

రైతు ఫోను చేసేటప్పటికి అవ్వ వచ్చేసింది. నోటుబుక్కు తెమ్మంది. పేజీ చూసి, "రెండో మనిషి ఎవరు?" అని అడిగింది. నేను మాట్లాడలేదు. చిన్నాన్న, "కరెంటు ప్రాబ్లం అయ్యుంటుందిలేమ్మా" అన్నాడు, నన్ను కాపాడదామని. అవ్వ చెప్పులు వేసుకుంది. "పా, పోయి చూస్తాం" అంది.

ఆ ఇంట్లో పాత రాగి గోతాం పశువుల కొట్టంలోనే ఉంది. ఇంకా అమ్మలేదు. పేలికతో కట్టిన కట్ట తీసి అవ్వ నా చేతికిచ్చి "ఎంచు" అంది. ఎంచాను. పదమూడే వచ్చింది. "మల్లీ ఎంచు, గోరుతో గీరి ఎంచు" అంది. పూత కరిగి రెండు వైర్లు ఒకటిగా అతుక్కుపోయి ఉన్నాయి. గీరితే విడిపోయాయి. పద్నాలుగు.

ఆ రైతు, ఆయన భార్య పక్కనే నిలబడి ఉన్నారు. వాళ్ళకు వైండింగ్ తెలియదు గానీ, పదమూడుకూ పద్నాలుగుకూ తేడా తెలుసు. అవ్వ నా వైపు చూసింది. "నేనే తప్పుగా ఎంచినానన్నా" అన్నాను. ఆయన కోపంగా ఏమీ అనలేదు. "ఎన్ని దినాలు పడుతుంది?" అని మాత్రం అడిగాడు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. పైపులు ఎత్తి దించే కూలి, కొత్త వైరు అంతా షాపే పెట్టుకుంది. పక్క పొలం బోరు నుంచి రెండు రోజులు పైపు వేసుకుని ఆయన పంటకు తడి ఇచ్చుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నాకు ఒకటి అర్థమైంది. పాత రాగి తిరిగివ్వడం మంచితనం అనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కట్టిన కట్టతో సహా తిరిగివ్వడం అంటే, మన లెక్క తప్పయితే దాన్ని పట్టుకునే సాక్ష్యం కూడా రైతు చేతిలో పెట్టడమే. అవ్వ ఇన్నేళ్ళూ ఆ పని తెలిసే చేసింది. రాగి మేమే ఉంచుకుని ఉంటే ఆ రోజు "కరెంటు ప్రాబ్లం" అన్న మాటే నిలబడేది. నేనూ దాన్నే నమ్మేదాన్నేమో.

మాట గురించి

ఇప్పుడు మన పాఠానికి వద్దాం. "ఎంచు"కు నిఘంటువులో లెక్కపెట్టు అనే అర్థం ఒకటే కాదు. తలచు, భావించు అనే అర్థాలున్నాయి. "గొప్పగా ఎంచారు" అంటాం. "తప్పులు ఎంచడం" అంటాం. "ఎంచుకోవడం" అంటే కోరి తీసుకోవడం. "ఎన్ను" కూడా దీని తోడబుట్టిందే. మనం ఓటు వేసే "ఎన్నిక" అక్కడి నుంచి వచ్చిందే.

నేను కన్నడం మాట్లాడే అమ్మను అడిగాను. కన్నడంలో "ఎణిసు" అంటే లెక్కపెట్టడం, అనుకోవడం రెండూ. మా వీధిలో తమిళం మాట్లాడే స్నేహితురాలిని అడిగాను. తమిళంలో "ఎణ్ణు" అన్నా అవే రెండు అర్థాలు. ఈ మూడూ ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చినవి. "చుట్టు", కన్నడం "సుత్తు", తమిళం "సుట్రు" కూడా అలాంటివే. గనుల కోసం చిత్తూరు వైపు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన కుటుంబాలు ఈ మూడు భాషలనూ ఒకే వీధిలో పెట్టాయి. మా షాపు నోటుబుక్కు అలాంటి వీధే.

లెక్కపెట్టడం, ఆలోచించడం, తప్పు వెతకడం, కోరుకోవడం ఒకే మాటలో ఎందుకున్నాయో ఆ పశువుల కొట్టంలో నాకు కొంత తెలిసింది. అవ్వ "మల్లీ ఎంచు" అన్నప్పుడు ఈ అర్థాలన్నీ అందులో ఉన్నాయి.

మా అవ్వ లాంటి వాళ్ళు మా ఊళ్ళోనే కాదు, వేరే చోట్లా ఉన్నారు. రాజస్థాన్‌లో తిలోనియా అనే పల్లెలో 1972లో బంకర్ రాయ్ మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ ఉంది. అక్కడ మన దేశం నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి పల్లెటూరి ఆడవాళ్ళు, ముఖ్యంగా అవ్వలు, వచ్చి సోలార్ దీపాల పని నేర్చుకుంటారు. చాలామందికి చదువు రాదు, ఒకరి భాష ఒకరికి రాదు. సైగలతో, వైర్ల రంగులతో నేర్చుకుని తిరిగి తమ ఊళ్ళకు పోయి దీపాలు పెడతారు. పరాయి ఊరి యువకులకు నేర్పితే పట్నానికి పోతారు, అవ్వలైతే ఊళ్ళోనే ఉంటారని అక్కడి ఆలోచన. ఇది చదివినప్పుడు తాళం తీసి లోపల కూర్చున్న మా అవ్వే గుర్తొచ్చింది.

ఇప్పుడు

అవ్వకు ఇప్పుడు చూపు తగ్గింది. కొనలు ఎంచలేదు. ఆదివారాలు నేను పోతాను. నేను ఒక గాడి ఎంచుతాను, తమ్ముడు ఇంకో గాడి ఎంచుతాడు. అవ్వ కుర్చీలో కూర్చుని రెండు అంకెలూ పైకి చెప్పమంటుంది. కలిస్తే "రాసుకో" అంటుంది. చిన్నాన్న ఇప్పుడు కూడా రాగి ధర పెరిగినప్పుడల్లా గోతాం వైపు చూస్తాడు. కానీ కట్ట కట్టేది ఆయనే.

మొన్న దసరా ముందు ఆ బేతమంగళం రైతు మళ్ళీ వచ్చాడు, ఈసారి వాళ్ళ బావమరిది మోటరుతో. లోపలికి వస్తూనే, "ఈసారి ఎవరు ఎంచుతారు?" అని నవ్వాడు. తమ్ముణ్ణి చూపించాను. "ఇద్దరూ ఎంచండి" అన్నాడు.

ఈ వ్యాసం చదివిన తోటి విద్యార్థినులకు ఒక చిన్న పని. మన జిల్లాను పట్టు, పాలు, బంగారం సీమ అంటారు. మీ ఇళ్ళల్లో కూడా పాల డెయిరీ కార్డులు, పట్టుగూళ్ళ మార్కెట్టు చీటీలు, టమాటా మండీ పట్టీలు, అవ్వలు అమ్మలు గోడ మీద బొగ్గుతో గీసిన లెక్కలు ఉంటాయి. ఈ వారం వాటిలో ఒకటి చదివి చూడండి. మీ ఇంట్లో లెక్కపెట్టడాన్ని ఏమంటారు? ఏ భాషలో అయినా సరే, ఈ కాగితం కింద ఖాళీ వదిలాను, పెన్సిలుతో రాయండి. నెలాఖరున అన్నీ ఎంచి మేడం గారికి ఇస్తాను. రెండో మనిషిగా ఎవరైనా తోడు రండి.